అంకణం అంటే ఎంత? బేతంచెర్ల దగ్గర ఒక నాపరాయి మిద్దె కేస్ స్టడీ

ఈ కేసు నా దగ్గరికి ఇంటి రిపేరు కోసం రాలేదు. మూడు అంకణాలంటే ఎన్ని చదరపు అడుగులు సార్ అని ఫోన్లో అడిగారు, అంతే. నేనేమో పాత ఇళ్ల రిపేర్లు, కొలతల డ్రాయింగులు చేసుకునే సివిల్ ఇంజనీర్ని, ఇది వకీల్ని అడగాల్సిన ప్రశ్న కదా అన్నా. వకీలే మిమ్మల్ని అడగమన్నాడు అన్నాడు అవతలాయన.

2022 ఏప్రిల్, జిల్లా అప్పుడే విడిపోయి కొత్తగా నంద్యాల జిల్లా అయిన నెల. ఊరు బేతంచెర్ల, అవుకు మధ్య నాపరాయి పట్టీలో ఉంది, పేరు చెప్పను, ఇంటివాళ్ల పేర్లు కూడా చెప్పను. ఇంట్లో ఉండేది ఎనభై దాటిన అవ్వ ఒక్కతే. ఇద్దరు కొడుకులు, ఒక కూతురు, ముగ్గురూ బయట ఊళ్లలో ఉంటారు. చిన్న కొడుక్కి మిద్దె (దూలాల మీద మట్టి పరిచిన చదును కప్పు ఇల్లు) పడగొట్టి స్లాబు వేయాలని ఉంది, కూతురికి అమ్మ ఉన్నన్నాళ్లు ముట్టుకోవద్దని ఉంది, పెద్దాయన మధ్యలో నలిగిపోతున్నాడు. ముందు కాగితాలు సరిచేసుకుని వాటాలు రాసుకుందామని వకీలు దగ్గరికి పోతే, ఆయన పాత దస్తావేజు చూసి ఇందులో మూడు అంకణాలని ఉంది, అంకణం 36 చదరపు అడుగులు కాబట్టి మీకు కాగితం మీద ఉన్నది 108 అడుగులే, మిగతాదానికి ఆధారం ఏదీ అన్నాడట. ఇల్లు చూస్తే బయటి గోడలతో కలిపి 18 అడుగుల వెడల్పు, 36 అడుగుల పొడవు, అంటే 648. మిగతా 540 అడుగులు ఎవరివి అన్నది గొడవ.

ఇక్కడే ఒక మాట చెప్పేస్తా, ఎందుకంటే మొత్తం కేసు దీని మీదే నడిచింది. గూగుల్లో కొడితే అంకణం తిరుపతి వైపు 36 చదరపు అడుగులు, నెల్లూరు వైపు 72 అని వస్తుంది, ప్లాట్లు అమ్మేవాళ్ల లెక్క అది. మిద్దె కట్టేవాళ్ల లెక్కలో అంకణం చదరపు అడుగు కానే కాదు. గోడకీ దూలానికీ మధ్యనో, దూలానికీ దూలానికీ మధ్యనో ఉండే ఖాళీ ఒక అంకణం. ఎన్ని ఖాళీలుంటే అన్ని అంకణాల ఇల్లు. పొడవు దూలం దొరికితే అంకణం పెద్దది, పొట్టి దూలమైతే చిన్నది, అంతే తప్ప దానికి ఫిక్స్‌డ్ సైజు లేదు. పాత దస్తావేజు రాసినాయన కింద నిలబడి తలెత్తి దూలాలు లెక్కపెట్టి రాశాడు, టేపు పెట్టి కాదు.

కాబట్టి నా పని ఏమైందంటే, దస్తావేజు రాసిన రోజు ఆ ఇంట్లో ఎన్ని దూలాలున్నాయో, ఎక్కడున్నాయో తేల్చడం. దానికి ఇల్లు ఏ వరసలో కట్టారో తెలియాలి. అందుకని వద్దన్నా వినకుండా రెండు రోజులు అక్కడే ఉండి పూర్తిగా కొలిచా.

రాయి గురించి రెండు ముక్కలు. ఇక్కడ ఇల్లు కట్టడానికి రాయి కొనక్కర్లేదు, చేను దున్నితే వచ్చేదే రాయి. కర్నూలు గ్రూపు అని జియాలజీ వాళ్లు అనే సున్నపురాయి పొరలివి, కడప జిల్లా నార్జి ఊరి పేరు మీద నార్జి లైమ్‌స్టోన్ అని పిలుస్తారు, విలియం కింగ్ 1872లోనే ఈ కడప, కర్నూలు రాళ్ల మీద జియలాజికల్ సర్వేకి పెద్ద రిపోర్టు రాశాడు. ఈ రాయి గుణం ఏంటంటే పొరలు పొరలుగా ఉంటుంది, గునపం వేసి లేపితే పలకలా వచ్చేస్తుంది, రెండు వైపులా చదునే. అందుకే ఇక్కడి గోడ చూస్తే ఇటుక గోడకి చెల్లెలిలా వరసలు తీరి ఉంటుంది, గుండ్రాళ్లతో కట్టిన గోడలా కాదు. మధ్యలో వేసింది సున్నం కాదు, ఎర్రమట్టి. గోడ మందం రెండడుగులు. గోడలకీ నాపరాయే, నేలకీ నాపరాయే, గూళ్ల అడుగుకీ అదే, అరుగు మీదా అదే, పశువుల గాడి అంచుకీ అదే.

ఇంటి లోపలికి పోతే మొదట ఒక గది, పొడవు 18 అడుగులు, వెడల్పు 14. అందులో రెండు దూలాలు, అంటే మూడు అంకణాలు, ఒక్కోటి ఆరడుగులు. దాని వెనక అడ్డగోడ. గోడ దాటితే రెండో గది, పొడవు 12, వెడల్పు అదే 14, మధ్యలో ఒక్క దూలం, రెండు అంకణాలు. మొత్తం ఐదు. వాకిలి తూర్పుకి, దక్షిణం పక్క సందు, ఉత్తరం పక్కింటోళ్ల గోడ, పడమర దొడ్డి.

వాకిలి పైరాయి మీద ఆనంద నామ సంవత్సరం అని చెక్కి ఉంది. ఇంటోళ్లకి అది గర్వం, ఇల్లు ఎప్పటిదో రాసే ఉంది కదా సార్ అంటారు. సమస్య ఏంటంటే ఆనంద 60 ఏళ్లకోసారి వస్తుంది. 1854 ఉంది, 1914 ఉంది, 1974 ఉంది. రాయి మీద ఇంగ్లీషు సంవత్సరం లేదు, శకం లేదు. 1974 కాదని వెంటనే తెలుస్తుంది, అవ్వ కాపురానికి వచ్చిందే 1957లో, అప్పటికే ఆ రాయి అక్కడుంది. 1854నా 1914నా అన్నదానికి జవాబు ముందు గదిలో రెండో దూలం చెప్పింది. అది చెక్క కాదు, పక్కపక్కన పెట్టిన రెండు రైలు పట్టాలు. మసి, సున్నం గీకితే పట్టా నడుం మీద ఉబ్బెత్తు అక్షరాలు వచ్చాయి, కంపెనీ పేరు సగం తుప్పు తినేసింది కానీ చివర్న 1888 అని స్పష్టంగా ఉంది. ఈ వైపు గుంతకల్లు నుంచి నంద్యాల మీదుగా మీటర్ గేజ్ లైను పడింది 1890 అటూఇటూ, తర్వాత ఎప్పుడో పట్టాలు మార్చినప్పుడు పాతవి తుక్కు కింద ఊళ్లలోకి వచ్చుంటాయి. ఆ పట్టాలు తర్వాత దూర్చినవి కావని ఎలా అంటే, వాటి కింద గోడలో ఒక పెద్ద పలక పెట్టారు, ఆ పలక గోడ వరసలో కలిసిపోయి ఉంది, గోడ కట్టేటప్పుడే పెట్టిన పలక అది. కాబట్టి ముందు గది 1914. ఇంత తేల్చాక నేనూ అవ్వ లాగే ఇల్లు మొత్తం 1914దే అనుకున్నా, తప్పు.

రెండో రోజు మధ్యాహ్నం ఎండకి బయట తిరగలేక అవ్వ దగ్గర కూచుని మజ్జిగ తాగుతున్నా. ముందు గదిలో, అడ్డగోడకి బాగా పైన, గోడ నుంచి అడుగు పొడవున ఒక రాయి బయటికి పొడుచుకుని ఉంది, దానికి ప్లాస్టిక్ సంచి తగిలించి ఉంది. మొదటి రోజు నుంచి చూస్తూనే ఉన్నా, సామాన్లు తగిలించుకునే కొక్కెం రాయి అనుకున్నా. అవ్వని అడిగితే, కరెంటు రాకముందు లాంతరు దానికే తగిలించేవాళ్లం నాయనా అంది. నిచ్చెన వేసుకుని సంచి తీసి చూస్తే రాయి పైభాగం గాడిలా తొలిచి ఉంది, నాలుగు వేళ్లు పట్టేంత లోతు, గాడి చివర కిందికి వంగి నీళ్లు జారిన చోట తెల్లగా చార. అది తూము. మిద్దె మీది వాననీళ్లు బయటికి పడే తూము, గది లోపల ఉంది!

తూము గది లోపల ఉందంటే ఒకప్పుడు అది గది కాదు, వీధి. అడ్డగోడ అనుకున్నది నిజానికి పాత ఇంటి ముందుగోడ. ఆ తర్వాత అన్నీ వరసగా కనిపించడం మొదలైంది. అడ్డగోడ వాకిలికి రెండు పక్కలా రెండు దీపగూళ్లు ఉన్నాయి, అవి ముందు గది వైపు ఉన్నాయి, సాయంత్రం తలవాకిలి బయట దీపం పెట్టే గూళ్లు. వెనక గది నేల ముందు గది కంటే 9 అంగుళాలు కిందికి ఉంది, వెనక గది కప్పు అడుగున్నర తక్కువ ఎత్తు. వెనక కప్పులో దంతెల (దూలాల మీద అడ్డంగా పరిచే చిన్న కట్టెలు) మీద పలకలు లేవు, చీల్చిన కట్టెలు, ఆ పైన ఆకు, ఆ పైన మట్టి, ముందు కప్పులో మాత్రం దంతెల మీద అంగుళం మందం నాపబండలు. బయటికి పోయి దక్షిణం గోడ చూస్తే, సరిగ్గా ఆ అడ్డగోడ అంచు దగ్గర కింద నుంచి పైదాకా నిలువు గీత, రాళ్లు ఒకదాంట్లో ఒకటి దూరకుండా పాత గోడకి కొత్త గోడ ఆనించి కట్టేశారు. గీత పైన ముప్పావు అంగుళం తెరుచుకుని ఉంది, బల్లులు కాపురం పెట్టాయి.

అంటే ఇల్లు మొదట రెండు అంకణాలు. 1914లో ముందుకు జరిపి మూడు అంకణాలు కలిపారు. వెనక భాగం ఎప్పటిదో నేను రాయలేదు, రాయనూ లేను, 1914కి ముందుది అని మాత్రం రాశా.

ఇప్పుడు కాగితాలు. అవ్వ ట్రంకు పెట్టె అడుగున, పసుపు గుడ్డలో చుట్టి నాలుగు కాగితాలు.

కాగితాల ముందు అసలు కాగితం ఎందుకు లేదో చెప్పాలి, చాలామంది ఇక్కడే కంగారు పడతారు కాబట్టి. నిజాం 1800లో ఈ సీమని ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాక మన్రో 1807 దాకా కలెక్టరుగా ఉండి చేలు కొలిపించి రైత్వారీ (రైతే నేరుగా సర్కారుకి శిస్తు కట్టే పద్ధతి) పెట్టాడు, ఆ తర్వాత సర్వేలూ సెటిల్మెంట్లూ వచ్చాయి, కానీ లెక్క కట్టింది పంట భూమికి. శిస్తు రాని ఊరిమధ్య జాగాని మొత్తంగా ఒక నంబరు వేసి గ్రామకంఠం అని రాసి వదిలేశారు, లోపల ఎవరి ఇల్లు ఎంత అన్నది రికార్డులోకి ఎక్కలేదు. కాబట్టి పాత ఇంటికి పట్టా అడిగితే ఉండదు, ఉండాల్సిన పనీ లేదు, స్వాధీనం, దస్తావేజులు, ఇంటి పన్ను రసీదులు, పక్కింటివాళ్ల దస్తావేజుల్లో మన ఇంటి ప్రస్తావన, ఇవన్నీ కలిపి చూసుకోవాలి. పన్ను రసీదు ఒక్కటే హక్కు కాదు, ఎన్నిసార్లు చెప్పినా వినరు. ఇంకోటి, వంద రూపాయల లోపు అమ్మకానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదని 1882 ఆస్తి బదిలీ చట్టం, 1908 రిజిస్ట్రేషన్ చట్టం రెండూ అంటాయి, స్వాధీనం అప్పజెప్తే చాలు. అందుకని ఆ రోజుల్లో చిన్న ఇళ్ల అమ్మకాలు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు గడప తొక్కకపోవడం మామూలే.

మొదటి కాగితం 1931ది, స్వాధీన తనఖా, మనవాళ్లు భోగ్యం అంటారు కదా అదే. అవ్వ మామగారి హయాం. తూర్పు వైపు మూడు అంకణాల మిద్దె అరుగుతో సహా ఒక వ్యాపారికి 300 రూపాయలకి పెట్టారు, వడ్డీకి బదులు ఇల్లు వాడుకోవడం షరతు. వంద దాటింది కాబట్టి రిజిస్టరు చేశారు. వకీలుగారు 108 అడుగులు లెక్కేసింది దీంట్లోదే! చెక్కుబందిలో, అంటే నాలుగు హద్దులు రాసే చోట, పడమర హద్దు ఏమని రాశారో చూస్తే, తనఖా పెట్టినవాళ్ల సొంత రెండంకణాల మిద్దె. అంటే ఇంట్లో అప్పటికే ఐదు అంకణాలున్నాయి, మూడు పెట్టారు, రెండు ఉంచుకున్నారు. హద్దుల్లోనే జవాబు ఉంది, వకీలు ఆస్తి పేరా చదివి హద్దుల పేరా వదిలేశాడు. కోపం రాలేదు నాకు, ఆ గొలుసు రాతలో హద్దులు చదవడం నిజంగా కష్టం.

ముందు గది వ్యాపారికి పోయి, వెనక గదిలో వీళ్లుంటే, వీళ్లు బయటికి ఎటు పోయేవాళ్లు? వెనక గది దక్షిణం గోడలో లోపల సున్నం కింద ఒక చోట తడితే చప్పుడు తేడాగా వచ్చింది. అవ్వని అడిగి సున్నం గీకితే ఆరడుగుల ఎత్తు, రెండున్నర అడుగుల వెడల్పున మూసేసిన వాకిలి. పక్క రాళ్లు వరసగా లేవు, కట్టిన గోడని తర్వాత పగలగొట్టి తలుపు పెట్టుకున్న వాకిలి అది, కట్టేటప్పుడు వదిలింది కాదు. సందులోకి దారి. అప్పు చేసి ముందు మూడంకణాలు వదులుకున్నవాళ్లు సందులోంచి పోతూ వస్తూ ఉన్నారన్నమాట.

తనఖా పత్రం వెనక 1946లో చెల్లు రాసి ఉంది, మొత్తం ముట్టింది అని, వ్యాపారి సంతకం. ఇది రిజిస్టరు కాలేదు. ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపించే కాగితం) తీస్తే, ఆన్‌లైన్లో 1983 నుంచే వస్తుంది, ఆఫీసులో పాత పుస్తకాలు వెతికించితే తనఖా కనిపిస్తుంది కానీ విడుదల కనిపించదు, ఇదింకో భయం వాళ్లకి. తనఖా పత్రం మీద డబ్బు ముట్టినట్టు రాసే చెల్లుకి రిజిస్ట్రేషన్ అక్కర్లేదని రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్లోనే మినహాయింపు ఉంది, వకీలు కూడా దీనికి ఒప్పుకున్నాడు. పైగా అసలు పత్రం తిరిగి వీళ్ల పెట్టెలోనే ఉంది, అప్పు తీరకపోతే వ్యాపారి దాన్ని వదిలేవాడా.

రెండో కాగితం 1952 పారీఖత్తు, అన్నదమ్ముల భాగాలు. పెద్దాయనకి, అంటే అవ్వ మామగారికి, ముందు మూడంకణాలు, తమ్ముడికి వెనక రెండంకణాలు, తమ్ముడికి నడక సందులోంచి. మళ్లీ అదే దక్షిణం వాకిలి, తనఖా కోసం పగలగొట్టింది భాగాలకి పనికొచ్చింది. అడ్డగోడ వాకిలి ఇప్పుడు ద్వారబంధం లేకుండా బోడిగా ఉంటుంది, పక్కల్లో చెక్క ముక్కలు విరిగి ఉండిపోయాయి, మూయడం తెరవడం ఎన్నిసార్లు జరిగిందో దానికే తెలియాలి.

తమ్ముడు 1954లో పోయాడు, పిల్లల్లేరు. ఆయన భార్య, అవ్వ మాటల్లో మా చిన్నత్త, ఆ రెండంకణాల్లో ఒంటరిగా బతికింది. అప్పటి చట్టంలో విధవకి వచ్చేది బతికినన్నాళ్లు అనుభవించే హక్కే, అమ్ముకునే హక్కు లేదు, అవసరం చూపిస్తే తప్ప. 1956 హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ వచ్చి, ఆమె స్వాధీనంలో ఉన్న ఆస్తిని సంపూర్ణ హక్కు చేసేసింది. 1967లో ఆమె దాన్ని పెద్దాయన కొడుక్కి, అంటే అవ్వ భర్తకి, రిజిస్టరు క్రయం చేసింది. మూడో కాగితం అది. పడమటి రెండు అంకణాల మిద్దె, తూర్పు హద్దు కొనుక్కునేవారి మూడంకణాల మిద్దె. 1931లో ఉన్న హద్దు, 1967లో తిరగేసి అదే హద్దు.

అమ్మినాక ఆమె ఎక్కడుంది అవ్వా అన్నా. యాడికి పోతుంది నాయనా, మా దగ్గరే ఉండె, అడ్డగోడ తలుపు తీసేస్తిమి, సందు వాకిలి మూసేస్తిమి అంది. ఆ మూసిన వాకిలి రాళ్ల మధ్య మట్టి కాదు, సిమెంటు. ఇల్లు మొత్తంలో సిమెంటు మొట్టమొదట కనిపించేది అక్కడే.

నాలుగో కాగితం పన్ను రసీదుల కట్ట, దాన్ని వదిలేస్తా.

వీటన్నిటి వల్ల బయటపడిన అసలు విషయం ఏంటంటే, ముందు మూడు అంకణాలు పిత్రార్జితం, వెనక రెండు అంకణాలు నాయన, అంటే అవ్వ భర్త, తన డబ్బుతో కొన్న స్వార్జితం. నాయన 1994లో పోయాడు, వీలునామా లేదు. రెండు భాగాల్లో అమ్మ వాటా ఒకేలా ఉండదు, స్వార్జితంలో ఆమె పిల్లలతో సమానం, పిత్రార్జితంలో చాలా తక్కువ. కూతురి పెళ్లి 1979లో అయింది, ఆంధ్రప్రదేశ్ 1986లో తెచ్చిన సవరణ అప్పటికే పెళ్లైనవాళ్లకి వర్తించలేదు, ఆమెకి అప్పుడేమీ రాలేదు. 2005 సెప్టెంబర్ 9 నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర సవరణ పెళ్లితో సంబంధం లేకుండా ఇచ్చింది, నాయన అప్పటికి బతికుండక్కర్లేదని 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అదే 2005 సవరణలో 23వ సెక్షన్ కూడా ఎత్తేశారు, మగపిల్లలు భాగాలు కోరేదాకా కాపురముంటున్న ఇంట్లో ఆడపిల్ల భాగం అడగకూడదు అన్నది అది. ఈ ఇంటికి ఆ సెక్షనే పెద్ద అడ్డం, అది పోయింది. లెక్కలు వకీలు వేశాడు, నా పని ఏ దూలం దగ్గర ఏ హక్కు ఆగుతుందో గీత గీసి ఇవ్వడం. పంచాయతీలో డ్రోన్ మ్యాపు వస్తుంది కదా అన్నాడు చిన్నాయన, పైనుంచి చూస్తే ఒక్క దీర్ఘచతురస్రమే కనిపిస్తుంది, రెండు ఆస్తులని డ్రోన్‌కి ఎలా తెలుస్తుంది.

ఇక రిపేరు, దీనికి అసలు నన్ను పిలవలేదు కానీ కప్పు చూశాక వదిలి రాబుద్ధి కాలేదు. ముందు గదిలో చెక్క దూలం, వేపది, తొమ్మిదంగుళాల చదరం, మధ్యలో రెండున్నర అంగుళాలు కిందికి వంగింది, ఉత్తరం కొస చెదలు తినేసింది. ఎందుకు వంగిందో మిద్దెక్కి ఒక మూల తవ్వితే తెలిసింది, మట్టి 14 అంగుళాలు ఉంది. మొదట వేసింది ఆరంగుళాలే, పొరల రంగు చూస్తే తెలుస్తుంది. ఏటా వానలకి ముందు చౌడు వేస్తారు, పాతది తీయరు, పైన వేస్తారు, వందేళ్లలో అలా పెరిగింది. లెక్కేస్తే మట్టి బరువే చదరపు మీటరుకి 580 కిలోలు దాటింది, బండలతో కలిపి ఆ ఒక్క దూలం మీద సుమారు ఐదు టన్నులు, అదీ ఎండు మట్టికి.

చౌడు గురించి తక్కువగా మాట్లాడేవాళ్లుంటారు, పల్లెటూరి పని అని. అది మంచి మెటీరియల్. ఊరి చివర చౌడు నేల నుంచి గడ్డ తెచ్చి గాజు గ్లాసులో నీళ్లు పోసి వేసి చూపించా పెద్ద కొడుక్కి, పక్క గ్లాసులో మామూలు ఎర్రమట్టి. ఎర్రమట్టి నీళ్లు సాయంత్రానికి తేటపడ్డాయి, చౌడు నీళ్లు మర్నాడు పొద్దున కూడా పాలలాగే ఉన్నాయి. సోడియం ఎక్కువున్న బంకమట్టి తడిస్తే సన్నటి రేణువులు విడిపోయి తేలతాయి, ఆ సన్నటి పొడి కింది మట్టి రంధ్రాల్లోకి దిగి మూసేస్తుంది, ఇక నీళ్లు దిగవు. పంట పండనివ్వని గుణమే మిద్దెని కాపాడుతుంది. కానీ రెండంగుళాలు చాలు, పద్నాలుగు కాదు.

మిద్దె ఇల్లంటే చల్లగా ఉంటుంది, సంప్రదాయం అని పొగిడే వీడియోలు చూసినప్పుడల్లా నాకు మహారాష్ట్రలోని కిల్లారి గుర్తొస్తుంది. 1993 సెప్టెంబర్ 30 తెల్లవారుజామున లాతూరు భూకంపంలో వేలమంది పోయింది ఇలాంటి ఇళ్ల కిందే, మట్టితో కట్టిన మందపాటి రాతిగోడలు, పైన అడుగులకొద్దీ మట్టి. రాతిగోడ లోపలి ముఖం, బయటి ముఖం విడివిడిగా కట్టి మధ్యలో చెత్తరాయి నింపితే ఊగినప్పుడు రెండుగా విడిపోతుంది. అందుకే ఐఎస్ 13828 అనే భారతీయ ప్రమాణం ప్రతి 600 మిల్లీమీటర్ల ఎత్తుకి, అడ్డంగా 1.2 మీటర్లకి మించకుండా, గోడ మందమంతా పట్టే పొడుగు రాయి పెట్టమంటుంది. ఈ ఇంట్లో వెనక గోడల్లో అలాంటి రాళ్లు బాగానే ఉన్నాయి, పాత మేస్త్రి తెలిసినవాడు. 1914 గోడల్లో తక్కువ.

పని మే నెలలో మొదలుపెట్టాం. నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. వెనక మిద్దె మట్టి ముందు తీసి కిందికి దించమన్నా, కూలీలు దించే నిచ్చెన తూర్పు వైపే ఉందని ఆ మట్టి తెచ్చి ముందు మిద్దె మీద కుప్ప పోశారు, నేను కర్నూలులో ఉన్నా, ఫోన్లో సరే సాయంత్రానికి దించేయండి అన్నా. మధ్యాహ్నానికి వేప దూలం పెద్దగా పళ్లు నూరినట్టు శబ్దం చేసిందట, దంతెల సందుల్లోంచి మట్టి రాలింది. అదృష్టం, అవ్వ అరుగు మీద ఉంది. మేస్త్రి నన్ను అడక్కుండానే రెండు గుంజలు కింద ఆనించి కుప్ప దించేశాడు. నేనొచ్చాక, సారూ ఆ మాట నువ్వు అనకుండా ఉండాల్సింది అన్నాడు, అంతే అన్నాడు. ఆ తర్వాత ఏ పనికైనా ముందు గుంజలు, తర్వాతే పార.

మట్టి మొత్తం తీసి నాలుగంగుళాలు సున్నం కలిపిన మట్టి దిమ్మిస చేశాం, పైన రెండంగుళాలు చౌడు, దక్షిణం వైపుకి వాలు. వేప దూలం తీయలేదు, దానికి రెండు పక్కలా 150 మిల్లీమీటర్ల ఇనుప చానెళ్లు పెట్టి బోల్టులతో బిగించాం, కొసల్లో చానెళ్లు కూర్చునే చోట పెద్ద పలకలు. కొత్త బరువుకి ఆ రెండు చానెళ్లే సరిపోతాయి, వేప దూలం ఊరికే ఉన్నా పర్లేదు, కానీ అది తీసేస్తే అంకణం లెక్క ఎక్కడ పెట్టాలి, నవ్వుకోకండి, నిజంగానే అందుకే ఉంచా. నిలువు గీత దగ్గర రెండడుగుల ఎత్తుకొకటి చొప్పున రెండు గోడల్లోకీ దూరేలా పొడుగు పలకలు దించి కుట్టాం, ఒక్కసారి ఒక్క రాయే తీసి.

లోపల గోడలకి 90ల్లో ఎవరో మూడడుగుల ఎత్తుదాకా సిమెంటు ప్లాస్టరు వేయించారు, తేమ కనబడకూడదని. తేమ పోలేదు, సిమెంటు పైకి ఎక్కి నాలుగో అడుగు దగ్గర పొట్టు రాలింది, కింద మట్టి ముద్దయిపోయింది. అది కొట్టేసి ఒక వేసవి ఆరనిచ్చి డంగు సున్నం పూశాం. మొత్తం ఖర్చు మూడు లక్షల ఎనభై వేలు, చిన్నాయన కొటేషన్ తెచ్చిన స్లాబు ఇంటికి అంతకి నాలుగింతలు, అయినా ఆయనకి ఇప్పటికీ తృప్తి లేదు, స్లాబు మీద ఇంకో అంతస్తు వేసుకోవచ్చు కదా అంటాడు. అదీ నిజమే.

భాగపరిష్కారం 2023లో రిజిస్టరు అయింది. వెనక రెండంకణాలు పూర్తిగా అవ్వకి, ముందు మూడు ముగ్గురు పిల్లలకి ఉమ్మడిగా, ప్లాను జత చేశాం. షెడ్యూల్లో అంకణం అని రాస్తే కంప్యూటరు తీసుకోదు, చదరపు గజాలే కావాలన్నారు. గజాలు గడిలో వేసి, హద్దుల పేరాలో మాత్రం అడ్డగోడకి తూర్పున రెండు దూలాలు మూడు అంకణాలు, పడమర ఒక దూలం రెండు అంకణాలు అని రాయించా. వకీలు ఇది అవసరమా అన్నాడు. ఈసారి చదివేవాళ్లు హద్దుల పేరా వదిలేయకుండా ఉంటే అవసరమే అన్నా.

తూము అక్కడే ఉంది. సున్నం పూసేవాళ్లు దాన్ని కొట్టేసి గోడ చదును చేద్దామన్నారు, అవ్వ ఒప్పుకోలేదు, సంచి తగిలించుకోవడానికి ఇంకెక్కడుంది అని.

గోడ ఇంకా కదిలితే పగిలి తెలిసేలా నిలువు గీత మీద సున్నంతో అంటించిన గాజు పలకలు మూడు, రెండు వానాకాలాల తర్వాత పోయి చూశా. రెండు బాగున్నాయి. పైది వెంట్రుక మందాన చీలింది, దాని పక్కనే కొత్తది అంటించి తారీఖు రాసి వచ్చా.